పో ఓబుళేసు

ఓబుళేసుకు నత్తి. అచ్చుతో మొదలయ్యే మాట దగ్గర గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. అతని ఖర్మకు పేరే అచ్చుతో మొదలైంది. కుందుర్పి పక్క పల్లెలో బడికి పోయిన తొలినాడు, అతను పేరు చెప్పేలోగా అయ్యవారు విసుగొచ్చి వెనక పిల్లవాడి పేరు రాసుకున్నారు. అనంతపురంలో ఎంసీఏ చదివేటప్పుడు వైవా ఉందంటే ముందురోజే జ్వరం వచ్చేది. తెలివైనవాడని ఎవరూ అనలేదు, మొద్దు అని కూడా అనలేదు. రాతపరీక్షలు రాసి, గట్టెక్కే మార్కులతో గట్టెక్కాడు.

చదువయ్యాక బుక్కరాయసముద్రంలో అక్క మారెక్క దగ్గర ఉన్నాడు. మొగుడు వదిలేసి బళ్ళారి పోయినప్పటి నుంచి మారెక్క చెరువు కట్ట దిగేచోట తోపుడుబండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్ముతోంది. ఆమె నోటికి జడుస్తూనే జనం మళ్ళీ ఆ బండి దగ్గరికే వచ్చేవాళ్ళు.

2008 చివర్లో అతనికి ఉద్యోగం దొరికింది. అనంతపురం సాయినగర్‌లో ఒక మేడమీద కంప్యూటర్ ఆఫీసు. యజమాని హర్ష. తండ్రికి క్వారీలున్నాయి, తాతకు ఊళ్ళో పెత్తనముంది. బెంగుళూరులో కొన్నేళ్ళు పనిచేసి తిరిగొచ్చి, అక్కడి కంపెనీల దగ్గర ఐఫోన్ పని తీసుకుని ఇక్కడి పిల్లలతో చేయించేవాడు. ఐఫోన్ ఆఫీసు మొత్తానికి ఒక్కటే, అది హర్ష జేబులో ఉండేది. మిగతావాళ్ళు కంప్యూటర్ తెరమీద కనబడే బొమ్మ ఫోను చూసుకుంటూ పనిచేసేవాళ్ళు. రాయాల్సిన భాష ఆబ్జెక్టివ్ సి. అది ఏ కాలేజీలోనూ చెప్పలేదు. అందరూ ఆ మేడ ఎక్కాకే నేర్చుకున్నారు.

ఇంటర్వ్యూలో ఓబుళేసు పేరు చెప్పడానికి పడ్డ పాట్లు చూసి హర్ష నవ్వాడు.

"సరేలేప్పా. మాట్లాడనోడు పనన్నా చేస్తాడు. రేపట్నుంచి రా."

పనిలో అతనికి నచ్చింది డీబగ్గర్. ప్రోగ్రాం నడుస్తుండగా మనకు కావలసిన చోట దాన్ని ఆపేసి, లోపల ఏముందో చూపించే సాధనమది. ప్రోగ్రాంలో ప్రతి వస్తువూ ఒక ఆబ్జెక్ట్. దానికి పేరు, రంగు, వెల అని కొన్ని ప్రాపర్టీలుంటాయి. ఆపినచోట ఒక్కో ఆబ్జెక్ట్‌నూ పట్టుకుని నీ పేరేమిటి, నీ వెల ఎంత అని అడగవచ్చు. అది ఉన్నదున్నట్టు చెబుతుంది. ఏ గడిలో ఉండాల్సింది లేదో అక్కడ తప్పు దొరుకుతుంది. అడగడానికి నోరు అక్కర్లేదు, వేళ్ళు చాలు. ఓబుళేసు పొద్దంతా అలా అడుగుతూ కూర్చునేవాడు. పని నిదానమే గాని తప్పులు దొరికేవి. పక్క సీటు మౌనిక ఇరుక్కుపోయినప్పుడు "ఓబుళేసూ, కొంచెం చూడవా" అనేది. ఆ రోజుల్లో ఆ పిలుపు కోసం అతను తల దువ్వుకుని పోయేవాడు.

ఉగాది దాటాక కొత్త బ్యాచ్ వచ్చింది. హర్ష గోడమీద ప్రొజెక్టర్ వేసి డీబగ్గర్ పాఠం మొదలుపెట్టాడు. పాతవాళ్ళు కూడా వెనక కూర్చున్నారు.

"ఆబ్జెక్ట్ అంటే ఏమి? ఏదైనా ఆబ్జెక్టే. కుర్చీ ఆబ్జెక్టే. మన ఓబుళేసు కూడా ఆబ్జెక్టే."

కొందరు నవ్వారు. హర్ష అక్కడికక్కడే ఓబుళేసు పేరుతో ఒక క్లాసు, అంటే ఆబ్జెక్ట్ ఎలా ఉండాలో చెప్పే నమూనా, రాశాడు.

"వీనికి ఏమేమి ప్రాపర్టీలు పెట్టల్ల, చెప్పండప్పా."

ఊరు అన్నారొకరు. కుందుర్పి అని పెట్టాడు. చొక్కాలు అన్నాడు ఓబుళేసుతో పాటు చేరినవాడు. "రెండే సార్. నీలంది, గీతలది." రెండు అని పెట్టాడు. ఇంగ్లీషు, సున్నా. పెళ్ళి, లేదు. ఒక్కోటి గోడమీద పడుతుంటే నవ్వులు పెరిగాయి.

"ఇప్పుడు చూడండి. డీబగ్గర్‌లో ఒక ఆబ్జెక్ట్ లోపల ఏముందో చూడాలంటే పి, ఓ అని రెండక్షరాలు కొట్టి దాని పేరు రాయల్ల. ఈ రెండక్షరాలు మన తెలుగులో చదవండి."

"పో!" అన్నారు అందరూ.

"ఆ. పో ఓబుళేసు." ఎంటర్ నొక్కాడు.

అలా అడిగినప్పుడు ఆబ్జెక్ట్ తన గురించి ఏం చెప్పుకోవాలన్నది, క్లాసు రాసినవాడి ఇష్టం. హర్ష ఆ ముక్కను ఇంకో ఫైల్లో ముందే రాసిపెట్టుకున్నాడు. గోడమీద పెద్ద అక్షరాలు పడ్డాయి. ఓ ఓ ఓ ఓబుళేసు, ఊరు కుందుర్పి, చొక్కాలు రెండు.

గది ఊగిపోయింది. మౌనిక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది గాని భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఓబుళేసూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని అతనికి చిన్నప్పుడే తెలుసు.

మరుసటి రోజు నుంచి మెట్లమీద, టీ అంగడి దగ్గర, బాత్రూం ముందర ఎక్కడ కనబడినా అదే మాట. "పో ఓబుళేసూ." ఆ వెంటనే ఇంకొకడు "ఓ ఓ ఓ ఓబుళేసు" అని బదులు పలికేవాడు.

వారం ఓర్చుకుని హర్ష గదిలోకి పోయాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు. హర్ష కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకున్నాడు.

"చెప్పప్పా."

"సార్, ఆ... ఆ..."

"నిదానంగా చెప్పు. నాకేమీ తొందర లేదు."

"ఆ... ఆ క్లాసు..."

హర్ష తలుపు తీసి బయట కూర్చున్నవాళ్ళకు వినబడేలా అన్నాడు. "కొంచెం సద్దు చేయొద్దండప్పా. ఓబుళేసు ఏదో చెప్తాండాడు." బయట టైపింగ్ ఆగిపోయింది. అన్ని తలలూ ఇటు తిరిగాయి. ఓబుళేసు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. చెమట కళ్ళలోకి కారింది. చివరికి ఏమీ లేదని చేత్తో సైగచేసి వచ్చేశాడు.

ఆ సాయంత్రం అందరూ పోయాక తన మిషన్‌లో ఆ క్లాసు చెరిపేశాడు. అది ఆఫీసు అంతటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉందని, హర్ష ఒక్క మాటతో వెనక్కి తెచ్చుకోగలడని తెలుసు. అయినా చెరిపేశాడు. పొద్దున పాఠం మొదలయ్యేసరికి క్లాసు మళ్ళీ గోడమీద ఉంది. అడుగున కొత్త ప్రాపర్టీ ఒకటి చేరింది. రోషం, ఉంది.

అన్నం ముందు కదలకుండా కూర్చున్న తమ్ముణ్ణి చూసి మారెక్క అడిగింది. అతను చెప్పేంతవరకూ గరిటె పట్టుకుని నిలబడింది.

"అంత మాటంటే వాని మూతి పగలగొట్టి రాక, ఈడికొచ్చి నాకు చెప్తాండావా?"

"ఉ... ఉద్యోగమక్కా."

"అయితే పడు," అని అతని కంచంలో ఇంకో గరిటె వేసింది.

ఆ ఏడు వాన రాలేదు. వేసిన చెనిక్కాయ పంట మొలకలోనే మాడిపోయింది. ఆ ఎండల్లో ఆఫీసుకు రామాంజినమ్మ వచ్చింది. బెళుగుప్ప అవతల ఏదో పల్లె. చేరేరోజు వెంట ఒక ముసలాయన వచ్చాడు, తాత. చెప్పులు మెట్లకిందే వదిలి, పైకొచ్చి, హర్షకు చేతులు జోడించి పోయాడు. మొదటిరోజు పాఠంలోనే ఆమెకూ గోడమీద ఓబుళేసును చూపించారు. గది నవ్వింది. ఆమె నవ్వలేదు. ఈ ఓబుళేసు ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. మధ్యాహ్నం అతని సీటు దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆ డీబగ్గరు నాకేమీ అర్థం కాల్యా. వాళ్ళు నవ్వుతాంటే వినబడల్యా కూడా. చూపిస్తావా?"

చూపించాడు. అతని మాట ఆగినప్పుడు అందరిలా ఆ మాట తను పూర్తిచేసేది కాదు. గడియారం చూసేది కాదు. అతను ముగించేదాకా తెరవైపు చూస్తూ ఉండి, ముగించాక తలూపేది. ఎక్కడ ఆపాలి, ఆబ్జెక్ట్‌ను ఎలా అడగాలి, ఏ ప్రాపర్టీలో ఏముండాలి, అన్నీ అతని దగ్గరే నేర్చుకుంది. మధ్యాహ్నం ఇద్దరూ మిద్దెమీద నీళ్ళ ట్యాంకు నీడలో అన్నం తినేవాళ్ళు. ఆమె డబ్బాలో రోజూ కొర్రన్నం, చెనిక్కాయల పొడి. ఆమెతో మాట్లాడేటప్పుడు తన నత్తి కొంచెం తగ్గుతోందని ఓబుళేసుకు అనిపించేది. ఆ సంగతి మారెక్కతో కూడా అన్నాడు.

ఒకరోజు తింటూ తింటూ అడిగాడు. "ఆ పొద్దు తాత వచ్చినాడు. మీ నాయన రాలేదేం?"

రామాంజినమ్మ తినడం ఆపింది. డబ్బా మూత పెట్టింది.

"నాకు నాయన లేడన్నా. మాయమ్మను చిన్నప్పుడే దేవునికి ఇడిసినారు. బసివి. నా సర్టిఫికెట్లో మా తాత పేరే ఉండాది. కాలేజీలో ఎవురికీ చెప్పల్యా. నీకే చెప్తాండా."

ఆ పక్క పల్లెల్లో కొన్ని ఇళ్ళలో ఆడపిల్లను దేవుడి పేరు మీద పెళ్ళి లేకుండా వదిలేస్తారని, చట్టం వద్దన్నా పాత కాలంలో అలా వదిలిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారని, వాళ్ళ బిడ్డలకు తండ్రి పేరు ఉండదని ఓబుళేసుకు తెలుసు. కుందుర్పిలోనూ చూశాడు.

"ఎవురితో అనొద్దన్నా."

"అ... అనను."

దసరా తర్వాత మళ్ళీ బ్యాచ్ వస్తుందనగా హర్ష అతన్ని గదిలోకి పిలిచాడు. ఈసారి కూర్చోమన్నాడు.

"నీమీద నవ్వేది పాతబడిపోయిందప్పా. పిల్లోళ్ళు వచ్చేముందే వినేసి వస్తాండారు. కొత్తది కావల్ల. ఆ బెళుగుప్ప పిల్ల ఉంది కదా, నీతోనే తింటాది, నీతోనే కూర్చుంటాది. ఆ పిల్ల మీద నువ్వే ఒక క్లాసు రాయి. పాఠం కూడా నువ్వే చెప్పు. నీది తీసేస్తా."

తర్వాత అక్కతో ఓబుళేసు, సార్ బలవంతం చేశాడని చెప్పాడు. అది అబద్ధం. హర్ష రెండోసారి అడగాల్సిన పని పడలేదు. గది బయటికి వచ్చేటప్పటికే అతని మనసులో క్లాసు సగం రాయడం అయిపోయింది. ఆమె ఎడమ చెప్పు తెగితే వైరుతో కట్టుకుంది, అది పెట్టాడు. జడకు ఆముదం పూస్తుంది, అది పెట్టాడు. డబ్బాలో రోజూ ఒకటే పొడి, అదీ పెట్టాడు. రాస్తుంటే నవ్వు వచ్చింది. ఇవి చదివితే గది కూడా నవ్వుతుందని తెలిసింది. తను చెప్పినదానికి ఒక గది నవ్వడం అతని జన్మలో జరగలేదు.

ఇంకొకటి తక్కువైంది. ఖాళీగా ఉన్న ప్రాపర్టీ ఎలా కనబడుతుందో కొత్తవాళ్ళకు చూపించాలి. ఆబ్జెక్టివ్ సిలో ఏమీ లేనిదాన్ని నిల్ అంటారు. నిల్‌ను ఏ పని అడిగినా కోప్పడదు, కూలిపోదు, ఊరికే ఉంటుంది. సగం తప్పులు అక్కడే దాక్కుంటాయి గనుక ఆ పాఠం ముఖ్యం. పెళ్ళి అని పెట్టొచ్చు. ఇంగ్లీషు అని పెట్టొచ్చు. ఓబుళేసు తండ్రి అని పెట్టాడు. ఆ మాట కొట్టాక కుర్చీలోంచి లేచి, నీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ చూసుకున్నాడు. తీసేయలేదు.

పాఠం రోజు రామాంజినమ్మ ముందువరుసలో కూర్చుంది. ఓబుళేసన్న మొదటిసారి పాఠం చెబుతున్నాడని ఆమెకు సంబరంగా ఉంది. అతను తక్కువ మాటలతో, ఎక్కువ టైపింగ్‌తో మొదలుపెట్టాడు. ప్రోగ్రాం నడిపాడు, ఆపాడు, పి ఓ కొట్టి ఆమె పేరు రాశాడు.

చెప్పు దగ్గర నవ్వారు. ఆముదం దగ్గర ఇంకా నవ్వారు. ఆమె తల వంచుకుని తనూ కొంచెం నవ్వింది. ఓబుళేసన్నే కదా అనుకుందేమో. చివరి వరుస వచ్చింది. తండ్రి, నిల్.

"నిల్ అంటే ఏమి సార్? చచ్చిపోయినాడా?" అన్నాడు కొత్తవాడొకడు.

"చచ్చిపోలేదు. ఎప్పుడూ లేడు," అన్నాడు ఓబుళేసు.

మాట ఎక్కడా ఆగలేదు. ఆ గదిలో అతను నత్తి లేకుండా చెప్పిన మొదటి వాక్యం అది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. హర్షకు ముందు అర్థమైంది. బల్ల చరిచి నవ్వాడు. తర్వాత వెనక వరుస, ఆ తర్వాత అందరూ నవ్వారు. మౌనిక లేచి బయటికి పోయింది గాని పోతూ ఒక్క మాట అనలేదు.

రామాంజినమ్మ గోడవైపే చూస్తూ ఉండిపోయింది. పాఠం అయ్యేదాకా లేవలేదు. మధ్యాహ్నం మిద్దెమీదికి రాలేదు. సాయంత్రం మెట్లమీద ఓబుళేసు ఎదురైతే పక్కకు జరిగి దారిచ్చింది.

"రామాంజినమ్మా..."

ఆమె ఆగలేదు.

మరుసటి రోజు కూడా పనికి వచ్చింది. రాకుంటే ఆమెకు గడవదు. ఆమెకు నిల్ అని పేరు పడింది. "నిల్, ఆ ఫైలు పంపు." "నిల్ వచ్చిందా?" ఆమె పలికేది. ఓబుళేసుతో పనిమాట తప్ప మాట్లాడేది కాదు.

ఓబుళేసు క్లాసును హర్ష తీసేయలేదు. అడిగితే, "రెండుంటే వరసగా అర్రేలో పెట్టి చూపిచ్చొచ్చప్పా, పిల్లోళ్ళకు అదీ నేర్పించల్ల కదా," అన్నాడు.

సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం రామాంజినమ్మ తల్లి ఆఫీసుకు వచ్చింది. పేరు లక్ష్మీదేవి. బిడ్డ పనిచేసేచోటు ఒకసారి చూడాలని అడిగి అడిగి, చెప్పకుండానే బస్సెక్కి వచ్చేసింది. మెట్లకింద నిలబడి పైకి చూస్తోంది. టీకి దిగుతున్న కుర్రవాళ్ళు ఎవరు కావాలని అడిగారు.

"రామాంజినమ్మ. నా బిడ్డ."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లేయ్, నిల్ వాళ్ళమ్మరా," అని నవ్వుకుంటూ పోయారు.

వాళ్ళ వెనకే ఓబుళేసు దిగాడు. ఆమె అతన్ని పట్టుకుంది.

"నాయనా, నిల్ అంటే ఏమి? ఆ పిల్లోళ్ళు నా బిడ్డను అట్లంటాండారు."

"పేరమ్మా. ఆ... ఆఫీసులో పెట్టుకున్నారు."

అతని మాట విని ఆమె మొహం విప్పారింది.

"నువ్వేనా ఆ అన్నవు! మాట తడబడే అన్న ఒకడుండాడమ్మా, ఎంతో ఓపిగ్గా నేర్పిస్తాండాడు అని చేరినప్పుడు చెప్పింది. నువ్వే గదా నాయనా?" అతని చేతులు రెండూ పట్టుకుంది. "అది నోరు తెరిచి ఎవురితో కలవదు. నీతో కలిసిందంటే నువ్వు మంచోడివి. ఆ పేరు మంచి పేరేనా?"

ఓబుళేసు నోరు తెరిచాడు. లోపలి నుంచి ఏదీ రాలేదు. ఆమె చేతులు వదలకుండా, పాపం ఈయనకు మాట రావడానికి ఇంత సమయం పడుతుంది కాబోలని, మొహంలోకి చూస్తూ నిలబడింది.

రామాంజినమ్మ మెట్లు దిగి వచ్చింది. తల్లి చేతుల్ని అతని చేతుల్లోంచి విడిపించింది.

"పోదాం పామ్మా."

"ఉండే, ఈ అన్న ఏదో చెప్తాండాడు."

"ఏమీ చెప్పడు. పా."

తల్లీకూతుళ్ళు బస్టాండు దారి పట్టారు. రామాంజినమ్మ పైకి పోయి సంచి కూడా తెచ్చుకోలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఆమె రాలేదు. సంచి కొన్నాళ్ళు కుర్చీకి వేలాడింది. తర్వాత ఊడ్చేవాళ్ళు ఎక్కడో పెట్టేశారు.

ఆ తల్లీకూతుళ్ళు పోయిన సాయంత్రం చెరువు కట్ట దగ్గర బండి వెనక కూర్చుని ఓబుళేసు అక్కకు అంతా చెప్పాడు. సార్ బలవంతం సంగతి మొదట చెప్పాడు. మారెక్క ఒకరికి బజ్జీ కట్టిచ్చింది, ఇంకొకరికి చిల్లర ఇచ్చింది.

"ఆ పిల్లకు నాయన లేడని మీ సారుకు ఎట్ల తెలిసిందిరా?"

ఆమె పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

"నీ మొగం చూస్తాంటే నాకు బళ్ళారి పోయినోడు గుర్తొస్తాండాడు. లేచి ఇంటికి పో."

వానలు మొదలయ్యే ముందు, రామాంజినమ్మ బెళుగుప్ప మండల ఆఫీసులో ఉపాధి పనుల కంప్యూటర్ ఆపరేటరుగా చేరిందని తెలిసి ఓబుళేసు బస్సెక్కి పోయాడు. కిటికీ ముందర కూలీల వరుస. రావాల్సిన కూలి పడలేదని, పేరు తప్పు పడిందని ఒక్కొక్కరూ చెబుతుంటే రామాంజినమ్మ తెరమీద చూసి సమాధానం చెబుతోంది. అతనూ వరుసలో నిలబడ్డాడు. ఎండలో ముందుకు జరుగుతూ, చెప్పాల్సింది లోపల అనుకుంటూ వచ్చాడు. అతని వంతు వచ్చింది. ఆమె తలెత్తి చూసింది.

"త... త..."

తప్పు అనబోయాడు. హల్లుతో మొదలయ్యే మాటే అయినా రాలేదు. వెనక నుంచి ఒకామె, "బిరీన కానీప్పా, ఎండ కాలుస్తాండాది," అంది.

రామాంజినమ్మ అతని మొహంలోంచి చూపు తీసేసి, అతని భుజం మీదుగా వెనక్కి చూసింది.

"పక్కకు జరుగన్నా. నీ వెనకెవురు, రా అవ్వా."

జరిగాడు. కొంతసేపు వేపచెట్టు కింద నిలబడి, వచ్చిన బస్సులోనే తిరిగిపోయాడు. ఆ తర్వాత బెళుగుప్ప వైపు వెళ్ళలేదు. హర్ష ఆఫీసు మానలేదు. ఆ ఏడే అతనికి ట్రైనర్ అని పేరు మార్చి ఒక బల్ల వేరుగా ఇచ్చారు. కొత్త బ్యాచ్‌లు వచ్చినప్పుడల్లా డీబగ్గర్ పాఠం అతనే చెప్పేవాడు. బాగా చెబుతాడని, నవ్విస్తాడని పిల్లలు అనుకునేవాళ్ళు.